హవాయి చొక్కా అవార్డు: మందుల కంపెనీల చేత నోరు విప్పించినవాళ్లు

రరీటన్ గట్టు (న్యూజెర్సీ):

నమస్తే అండీ. ఫార్మాలో అవార్డులకు కొదవ లేదు. షీల్డులు, గాజు పలకలు, హోటల్ హాల్లో గ్రూపు ఫొటోలు మనందరం చూసినవే. వాటన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ఒక పూల చొక్కా.

జాన్ మాక్ అని పెన్సిల్వేనియా ఆయన ‘ఫార్మా మార్కెటింగ్ న్యూస్’ నడిపేవారు. 2005 నుంచి బ్లాగు కూడా రాశారు. ట్విట్టర్‌లో ‘ఫార్మాగయ్’ అంటే ఈ రంగంలో తెలియనివాళ్లు లేరు. మందుల కంపెనీల ప్రకటనలను ఉతికి ఆరేయడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. అంత ఘాటుగా రాసే మనిషే, సోషల్ మీడియాలోకి అందరికంటే ముందు అడుగు పెట్టినవాళ్లను గుర్తించి ‘ఫార్మాగయ్ సోషల్ మీడియా పయనీర్ అవార్డు’ ఇచ్చేవారు. అందులో ఆనవాయితీగా వచ్చేది హవాయి చొక్కా. కోటు, టై తప్ప ఇంకోటి కనపడని కాన్ఫరెన్సుల్లో ఆ రంగురంగుల చొక్కా వేసుకున్న మనిషి దూరం నుంచే తెలిసిపోతాడు.

అది అందుకున్నవాళ్లలో మార్క్ మోన్సో ఒకరు. జాన్సన్ అండ్ జాన్సన్‌లో పనిచేస్తూ 2007లో ‘జేఎన్‌జే బీటీడబ్ల్యూ’ అనే కంపెనీ బ్లాగు మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాదే అదే కంపెనీలో ‘కిల్మర్ హౌస్’ అని ఇంకో బ్లాగు వచ్చింది కానీ, అది కంపెనీ పాత చరిత్ర చెప్పుకునేది. బీటీడబ్ల్యూ అలా కాదు. ఇవాళ జరుగుతున్న గొడవల గురించి రాసింది, కింద కామెంట్లకు చోటిచ్చింది. బ్లాగు మొదలైన కొద్ది నెలలకే, 2007 ఆగస్టులో, ఎర్ర శిలువ గుర్తు వాడకం మీద జాన్సన్ అండ్ జాన్సన్ ఏకంగా అమెరికన్ రెడ్ క్రాస్ మీదే కేసు వేసింది. రెడ్ క్రాస్ మీద కేసేమిటని జనం మండిపడ్డారు. ఆ సమయంలో కంపెనీ ప్రెస్ నోటుతో సరిపెట్టకుండా తన వాదనను ఆ బ్లాగులో చెప్పుకుంది. వచ్చిన చీవాట్లూ అక్కడే కనిపించాయి. అప్పటికి మందుల కంపెనీల్లో ఇలాంటిది ఊహకు కూడా అందని విషయం.

దీని మీద మన తెలుగు ఫార్మా వాళ్ల అభిప్రాయం వినాలని ఉంది. మొహమాటం లేకుండా రాయండి.

బెజవాడ బ్యాగు (విజయవాడ):

గట్టు గారూ, మొహమాటం లేకుండా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను మెడికల్ రెప్‌ని. మాకు అవార్డు అంటే టార్గెట్ కొట్టినందుకు ఇచ్చేది. మార్కెటింగ్ మనిషి ఇంకో మార్కెటింగ్ మనిషికి చొక్కా తొడిగితే పేషెంటుకు ఒరిగేదేమిటి? బ్లాగు రాసినా, ఫేస్‌బుక్ పేజీ పెట్టినా చివరికి అమ్మకాల కోసమే కదా. మేం ఎండలో డాక్టర్ గారి గది బయట నిలబడి, దొరికిన రెండు నిమిషాల్లో విజువల్ ఎయిడ్ (మందు గురించి బొమ్మలతో ఉండే పుస్తకం) చూపించి వస్తాం. వాళ్లు ఏసీ గదిలో కూర్చుని పోస్టు పెడతారు. ఇందులో ధైర్యం ఎక్కడుందో నాకు నిజంగా అర్థం కాలేదు.

ఓరుగల్లు మందులషాపు (వరంగల్):

నాదీ అదే ప్రశ్న. చెప్పండి అన్నా.

రరీటన్ గట్టు (న్యూజెర్సీ):

చెబుతాను. అప్పటి భయం ఎలాంటిదో తెలిస్తే ధైర్యం ఎక్కడుందో తెలుస్తుంది.

అమెరికాలో మందు పేరూ, అది దేనికి పనిచేస్తుందో ఒకే చోట చెబితే, దాని ముఖ్యమైన ప్రమాదాలూ అక్కడే చెప్పాలి. టీవీ ప్రకటన చివర గబగబా చదివే సైడ్ ఎఫెక్టుల చిట్టా అందుకే. గూగుల్‌లో పక్కన వచ్చే రెండు మూడు లైన్ల ప్రకటనల్లో అంత చిట్టా పట్టదు. ఒక్క క్లిక్కు దూరంలో పూర్తి సమాచారం ఉంటే చాలులే అని కంపెనీలు అనుకున్నాయి. 2009లో ఎఫ్‌డీఏ, అంటే అక్కడి మందుల నియంత్రణ సంస్థ, ఒకేసారి 14 కంపెనీలకు లేఖలు పంపింది. ఒక్క క్లిక్కు దూరం కుదరదు, ప్రకటనలోనే ఉండాలి అని ఆ లేఖల సారాంశం. అదే ఏడాది నవంబరు 12, 13 తేదీల్లో వాషింగ్టన్‌లో ఇంటర్నెట్‌లో మందుల ప్రచారం మీద బహిరంగ విచారణ పెట్టింది. అందరూ వెళ్లి చెప్పాల్సింది చెప్పారు. దాని తర్వాత నియమాల ముసాయిదా రావడానికి 2014 దాకా పట్టింది.

అంటే దాదాపు అయిదేళ్లు ఏది తప్పో ఏది ఒప్పో రాసిపెట్టిన కాగితం లేదు. ప్రతి వాక్యం మెడికల్, లీగల్, రెగ్యులేటరీ ముగ్గురి చేతులమీదుగా వెళ్లి రావాలి. నేను రెగ్యులేటరీ, అంటే ప్రభుత్వ నియమాలు చూసే వైపు మనిషిని. ఒక చిన్న బ్రోషర్‌కే ఆ ముగ్గురినీ ఒప్పించేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది. ఇక ఎవరు ఏమంటారో తెలియని కామెంట్ల పెట్టె తెరుద్దాం అంటే గదిలో ఎవరూ సరే అనరు. సరే అనిపించడం కోసం నెలల తరబడి వాదించి, తేడా వస్తే తన ఉద్యోగం మీదకు వస్తుందని తెలిసి కూడా నిలబడ్డవాళ్లకు ఇచ్చిన చొక్కా అది.

బెజవాడ బ్యాగు గారూ, మీ ఎండను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ గదిలో నిలబడడమూ కష్టమే.

సేఫ్టీ డెస్క్ (హైదరాబాద్):

గట్టు గారు ఎఫ్‌డీఏ భయం చెప్పారు. దాని వెనక ఇంకో భయం ఉంది. అది నా పని కాబట్టి నేను రాస్తాను. నేను ఫార్మకోవిజిలెన్స్‌లో, అంటే మందుల సైడ్ ఎఫెక్టులను నమోదు చేసి పరిశీలించే విభాగంలో ఉన్నాను. విదేశీ కంపెనీల మందుల మీద వచ్చే సైడ్ ఎఫెక్ట్ కేసులు చాలావరకు మన హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లోనే ప్రాసెస్ అవుతాయి.

కంపెనీ పేజీ కింద ఎవరో ఇలా రాశారనుకోండి: “మీ బీపీ మాత్ర మొదలుపెట్టాక మా అమ్మకు కాళ్లు వాచిపోతున్నాయి.” చదివేవాళ్లకు అది ఒక కామెంటు. మాకు అది కేసు. అందులో నాలుగు ఉన్నాయా అని చూస్తాం. పేషెంటు ఉన్నారా? ఉన్నారు, అమ్మ. చెప్పినవాళ్లు ఎవరో తెలుసా? ప్రొఫైల్ పేరు ఉంది, మెసేజ్ పెడితే దొరకొచ్చు. ఏ మందు? కంపెనీ బీపీ మాత్ర అన్నారు, ఏ బ్రాండో అడగాలి. ఏం జరిగింది? కాళ్ల వాపు. నాలుగూ ఉంటే చెల్లే రిపోర్టు. అందులో అది తీవ్రమైనదీ, లేబుల్‌లో (మందుతో వచ్చే సమాచార పత్రంలో) లేనిదీ అయితే 15 రోజుల్లో ఎఫ్‌డీఏకు వెళ్లాలి. గడియారం మొదలయ్యేది కంపెనీకి తెలిసిన రోజు నుంచి. శుక్రవారం రాత్రి కామెంటు పడి, సోమవారం దాకా ఎవరూ చూడకపోతే ఏమిటి పరిస్థితి? సేఫ్టీ టీముకు ఉండే టెన్షన్ ఇదీ. అందుకే చాలా కంపెనీలు అసలు పేజీయే వద్దు, వినకపోతే బాధే లేదు అనుకున్నాయి.

అయితే ఈ భయం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించింది. 2008లో నీల్సన్ అనే సర్వే సంస్థ వాళ్లు ఆరోగ్యం గురించి ఆన్‌లైన్‌లో జనం రాసుకున్న 500 మెసేజ్‌లు తీసి చూస్తే, నాలుగు అంశాలూ ఉన్నది ఒక్కటే. వరద వస్తుందని తలుపులు బిగించుకున్నారు గానీ, వచ్చేది అంత నీరు కాదు.

నా మటుకు నాకు, కామెంట్లు తెరిచినవాళ్లంటే గౌరవం. వాళ్ల వల్ల మాకు పని పెరుగుతుంది. పెరగనివ్వండి. ఇంట్లో మంచం మీద ఉన్న మనిషి ఫారం నింపి పంపదు. ఫోనులో రెండు ముక్కలు రాస్తుంది. ఆ రెండు ముక్కలు మా దాకా రావాలి.

తెనాలి నుంచి (తెనాలి):

నేను ఫార్మా మనిషిని కాను, పేషెంటును. ఇంటర్ నుంచి సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉంది. మోచేతులు, తల, ఇప్పుడు వీపు. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు.

రరీటన్ గట్టు (న్యూజెర్సీ):

తప్పకుండా రాయండి తమ్ముడూ. అందరికంటే ముందు వినాల్సింది మీ మాటే.

తెనాలి నుంచి (తెనాలి):

థాంక్స్ అన్నా. ఇంగ్లండ్‌లో జాన్సెన్ కంపెనీ వాళ్లు ‘సోరియాసిస్ 360’ అని ఫేస్‌బుక్ పేజీ నడిపారు. అలెక్స్ బట్లర్ అనే ఆయన దాని వెనక ఉన్నారు. నేను దాన్ని పేజీ మూసేశాక, దాని గురించి చదివి తెలుసుకున్నాను. అక్కడ పేషెంట్లు రాసింది ముందే ఆపి చూడకుండా నేరుగా పేజీ మీద కనపడనిచ్చారట, అభ్యంతరం ఉంటే తర్వాత తీసేవారట. మందుల కంపెనీ పేజీలో అలా జరగడం నాకు ఆశ్చర్యం.

మా దగ్గర పరిస్థితి చెబుతాను. బస్సులో పక్కన కూర్చున్నాయన నా చెయ్యి చూసి లేచి వెళ్లి నిలబడతాడు. ఇది అంటుకోదని ఎంతమందికని చెప్పను? సెలూన్లో దువ్వెన మార్చమంటారు. మా అమ్మ పెళ్లి సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలో తెలియక నలిగిపోతోంది. ఇవన్నీ చర్మం డాక్టర్ గారికి చెప్పే టైము ఉండదు. బయట ఇంకా ముప్పై మంది ఉంటారు. ఇలాంటివాళ్లు పదిమంది ఒకచోట రాసుకుంటే ఎంత తేలిక పడతామో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆ చోటు మందుల కంపెనీ ఇచ్చిందా, ఇంకెవరన్నా ఇచ్చారా అని నేను చూడను.

2012లో ఆ పేజీ మూసేశారు. కామెంట్లలో మందుల పేర్లు ఎక్కువగా వస్తున్నాయట, అవి తీసెయ్యక తప్పడం లేదట. అక్కడ ప్రజలకు ప్రిస్క్రిప్షన్ మందుల ప్రచారం చేయకూడదు కదా. నాకు బాధనిపించింది. మా జబ్బు గురించి మాట్లాడుతూ మందు పేరు ఎత్తకుండా ఎలా ఉంటాం?

కర్నూలు క్లినిక్ (కర్నూలు):

తెనాలి బాబూ, ముందు నీకు ఒక మాట. అది అంటుకోదు. సంబంధాల వాళ్లకు నిజం చెప్పమని అమ్మగారికి చెప్పు. కావాలంటే మీ డాక్టర్ గారి చేత వాళ్లకు చెప్పించండి. ఇది మేం చేసే పనే, అడగడానికి సంకోచించకు.

ఇక చర్చకు వస్తే, నేను ఇంత సంబరపడలేను. ఎందుకో చెబుతాను.

2010 మార్చిలో సనోఫి-అవెంటిస్ వాళ్ల ‘వాయిసెస్’ అనే ఫేస్‌బుక్ పేజీ ఉండేది. టాక్సోటేర్ అనే కీమో మందు తీసుకున్న ఒక మహిళ, చికిత్స అయిపోయాక కూడా తనకు జుట్టు తిరిగి రాలేదని ఆ పేజీలో రాసింది, ఫొటోలు పెట్టింది. కీమోలో జుట్టు రాలడం అందరికీ తెలుసు, తిరిగి వస్తుందనే మేమూ పేషెంట్లకు చెబుతాం. తిరిగి రాదు అనడం వేరే సంగతి. కంపెనీ ఏం చేసింది? పోస్టులు తీసేసింది, జనం రాసుకునే ఫేస్‌బుక్ గోడను మూసేసింది. అదే మందుకు అమెరికాలో లేబుల్ మీద శాశ్వతంగా జుట్టు పోయిన కేసుల ప్రస్తావన చేరింది 2015 డిసెంబరులో. మధ్యలో ఎంతమంది ఆడవాళ్లు జుట్టు వస్తుందని అద్దం ముందు ఎదురుచూశారో ఆలోచించండి.

ఇంకోటి. అప్పట్లో మందుల కంపెనీల పేజీలకు కామెంట్లు ఆపేసుకునే వెసులుబాటును ఫేస్‌బుక్ ప్రత్యేకంగా ఇచ్చేది. 2011 ఆగస్టు 15 నుంచి దాన్ని చాలామటుకు ఎత్తేసింది. ఒక నిర్దిష్టమైన ప్రిస్క్రిప్షన్ మందు పేరు మీద ఉన్న పేజీలకు మాత్రం మినహాయింపు మిగిలింది. ఆ తేదీ దగ్గర పడుతుంటే కంపెనీలు వరసగా పేజీలు మూసుకున్నాయి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేకపోవడం) ఉన్న పిల్లల తల్లుల కోసం అని జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల మెక్‌నీల్ విభాగం నడిపిన పేజీ కూడా అప్పుడే పోయింది. తల్లుల కోసమే పెట్టిన పేజీ తల్లులు మాట్లాడే వేళకు మూతపడితే, అది ఎవరి కోసం పెట్టినట్టు?

కాబట్టి చొక్కా ఇవ్వండి, కాదనను. పేజీ తెరిచినందుకు మాత్రం ఇవ్వకండి. చేదు మాట వచ్చిన రోజు మూయకుండా ఉన్నందుకు ఇవ్వండి.

సేఫ్టీ డెస్క్ (హైదరాబాద్):

డాక్టర్ గారూ, ఈ చివరి మాట మా ఆఫీసు గోడ మీద రాసుకోవాలి.

బెజవాడ బ్యాగు (విజయవాడ):

డాక్టర్ గారు నా మనసులో మాట చెప్పారు. అయితే తెనాలి తమ్ముడు రాసింది చదివాక నా మొదటి ప్రశ్న అంత సూటిగా అడగలేకపోతున్నాను. గట్టు గారూ, ఈ జాన్ మాక్ గారు తప్పు చేసినవాళ్లను ఏమన్నా అన్నారా, లేక అందరికీ చొక్కాలేనా?

రరీటన్ గట్టు (న్యూజెర్సీ):

అన్నారు, గట్టిగానే అన్నారు. చార్లీ కింబల్ అని కారు రేసర్. టైప్ 1 డయాబెటిస్ ఉన్నా రేసులు ఆడిన మనిషి, ఆయనంటే నాకూ గౌరవం. ఇన్సులిన్ తయారుచేసే నోవో నోర్డిస్క్ కంపెనీ స్పాన్సర్‌షిప్‌తో ఆయన పేరిట ఒక ట్వీటు వచ్చింది. అప్పటికి ట్వీటు అంటే 140 అక్షరాలే. అందులో రేసు సంగతి పక్కనే లెవెమిర్ ఫ్లెక్స్‌పెన్ బ్రాండ్ పేరు, బ్రాకెట్లలో ఇన్సులిన్ డెటెమిర్ అనే జెనెరిక్ పేరు, ప్రిస్క్రైబింగ్ సమాచారానికి లింకు. రేసు గురించి రాసుకునే మనిషి ఎవరూ ట్వీటులో జెనెరిక్ పేరు బ్రాకెట్లలో పెట్టి రాయడు. చదవగానే లీగల్ వాళ్ల చెయ్యి పడిందని తెలిసిపోతుంది. మందు పేరు పెట్టి చేసిన మొదటి ట్వీటుగా కొందరు దాన్ని మెచ్చుకున్నారు. మాక్ మాత్రం నీచమైన స్పామ్ అని రాశారు. ముందు చేసినంత మాత్రాన చొక్కా రాదన్నమాట. అందుకే ఆ చొక్కాకు విలువ.

దాని పక్కన పెట్టి చూడదగ్గది ఆస్ట్రాజెనెకా 2011 ఫిబ్రవరిలో చేసిన పని. గంటసేపు ట్విట్టర్‌లో ఎవరైనా అడగొచ్చని కూర్చున్నారు. విషయం, మందుల ఖర్చు భరించలేనివాళ్లకు ఉన్న సాయం పథకాలు. ఫలానా మందుల గురించి ఇక్కడ మాట్లాడం అని ముందే చెప్పారు. అమ్మడానికి వచ్చినవాళ్లు ఆ షరతు పెట్టుకోరు. వాళ్లకు ఆ గంటలో వచ్చిందేమిటని లెక్క వేసేవాళ్లకు ఏమీ కనపడదు, మందు కొనలేక సగం మాత్ర వేసుకునే ముసలాయనకు కనపడుతుంది. ఇక్కడ ఇన్సూరెన్స్ లేనివాళ్ల అవస్థ చూసినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2014 ముసాయిదాలో ఎఫ్‌డీఏ వాళ్లే ట్వీటు ఎలా రాయాలో చూపించారు. ‘నోఫోకస్’ అని లేని మందును ఊహించి, కొద్దిపాటి నుంచి ఓ మోస్తరు మతిమరుపుకు అని లాభం చెప్పి, మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు ఫిట్స్ రావచ్చు అని ప్రమాదం చెప్పి, లింకు పెట్టి, అన్నీ ఆ 140లోనే ఇమిడ్చారు. ఇమడకపోతే ఆ చోట ఆ మందు గురించి మాట్లాడకండి అన్నారు. నాకు ఇది సబబుగానే అనిపిస్తుంది.

ఓరుగల్లు మందులషాపు (వరంగల్):

మా షాపు ముచ్చట చెప్తా. ఈ మధ్య పిల్లలు ఫోను పట్టుకొని వస్తున్నారు, ‘ఈ క్రీమ్ ఇయ్యండి, రీల్‌లో చూసినం’ అని. చూస్తే స్టెరాయిడ్ క్రీమ్. చీటీ లేకుండా ఇయ్యనంటే పక్క షాపుకు పోతారు. అమెరికాలో కిమ్ కర్దాషియన్ 2015లో గర్భిణుల వాంతుల మందు గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఎఫ్‌డీఏ కంపెనీకి వార్నింగ్ లెటర్ పంపింది, ఆమె మళ్లీ సరిచేసి ప్రమాదాలన్నీ రాసి పోస్టు పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర రీల్ చేసేటాయనకు కంపెనీ పైసలు ఇచ్చిందా లేదా అన్నదే తెలువదు.

చట్టం లేక కాదు. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం షుగర్, బీపీ, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇయ్యద్దు. షెడ్యూల్ హెచ్ మందులకు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మేటియి, కేంద్రం అనుమతి లేకుండా ప్రజలకు ప్రకటనే లేదు. అమెరికా, న్యూజిలాండ్ తప్ప ప్రిస్క్రిప్షన్ మందు పేరు పెట్టి టీవీలో చెప్పుకోనిచ్చే దేశాలు లేవు. అది మంచిదే. మన దగ్గర అమ్మకం పోస్టులు తలుపు సందుల్లోంచి వస్తనే ఉన్నయి. పేషెంటు గోడు వినే చోటు మాత్రం కనపడదు. నాకు కడుపు మండేది అక్కడే.

బెజవాడ బ్యాగు (విజయవాడ):

ఓరుగల్లు అన్నది నిజం. మా వైపు చూస్తే, 2024 మార్చిలో వచ్చిన కొత్త యూసీపీఎంపీ కోడ్‌లో (మందుల కంపెనీల మార్కెటింగ్ నియమావళి) డాక్టర్లకు బహుమతులు వద్దు, విదేశీ టూర్లు వద్దు, బ్రాండ్ రిమైండర్ (మందు పేరు గుర్తుండేలా ఇచ్చే డైరీ, క్యాలెండర్ లాంటిది) అయితే వెయ్యి రూపాయలు దాటకూడదు అన్నారు. అన్నీ డాక్టరుకు ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకూడదు అన్న లెక్కలే. పేషెంటు మాట ఎలా వినాలి అన్నది ఎవరి టార్గెట్‌లోనూ లేదు. నేను డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు మా మందు చీటీ చేతిలో పట్టుకుని, ‘ఇది వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి బాబూ’ అంటారు. డాక్టర్ గారికి చెప్పమ్మా అంటాను, అంతే. అది మా మేనేజరుకు చెప్పాలని నాకు తెలుసు, ట్రైనింగులో చెప్పారు. చెబితే ఏ బాక్సులో రాసుకుంటారో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

సేఫ్టీ డెస్క్ మేడమ్, తర్వాతిసారి అలా ఎవరన్నా అంటే నేను ఏం చేయాలి? సరిగ్గా చెప్పండి.

సేఫ్టీ డెస్క్ (హైదరాబాద్):

మీరు వినగానే మీ కంపెనీ సేఫ్టీ మెయిల్‌కు పంపండి. ఒక పనిదినంలోపు పంపమనడమే చాలా కంపెనీల్లో రూలు. పూర్తి వివరాలు లేవని ఆగొద్దు. పేషెంటు వయసు, మగా ఆడా, మందు పేరు, స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు, ఎప్పటి నుంచి వేసుకుంటున్నారు, ఏమైంది, ఇప్పుడెలా ఉంది. ఆమె పూర్తి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు. చీటీ రాసిన డాక్టర్ ఎవరో రాస్తే మేం ఆయన్ను అడిగి మిగతాది తెలుసుకుంటాం. మందు వల్లే అయిందా కాదా అన్నది తేల్చాల్సింది మీరు కాదు.

పేషెంట్లు నేరుగా కూడా చెప్పొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ 2010లో మొదలైంది, గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. హెల్ప్‌లైన్ 1800-180-3024, టోల్ ఫ్రీ. మామూలు జనం కోసం వేరే ఫారం ఉంది, అది తెలుగులో కూడా దొరుకుతుంది. పెద్ద మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో చాలాచోట్ల దీనికి సెంటర్లు కూడా ఉన్నాయి.

తెనాలి తమ్ముడూ, నీ మందుల్లో దేనివల్లనైనా ఇబ్బంది ఉంటే నువ్వూ ఫోన్ చెయ్యి. మందు మాత్రం నీ అంతట నువ్వు ఆపొద్దు, డాక్టర్ గారిని అడిగే ఆపు.

తెనాలి నుంచి (తెనాలి):

నంబరు సేవ్ చేసుకున్నాను అక్కా. ఒక ఇంజెక్షన్ తర్వాత వారం రోజులు ఒళ్లు నొప్పులు ఉన్నాయి, ఎవరికీ చెప్పలేదు. రేపు చేస్తాను.

కర్నూలు క్లినిక్ (కర్నూలు):

చేసేటప్పుడు ఇంజెక్షన్ డబ్బా పక్కన పెట్టుకో, బ్యాచ్ నంబరు అడుగుతారు. డబ్బా పారేసి ఉంటే మందుల షాపు బిల్లు మీద ఉంటుంది.